ఆకుపచ్చ ట్రక్కు గురించి మా కాలనీ తెలుగువాళ్ళకు

మా కాలనీలోని తెలుగు కుటుంబాలకు, హెచ్‌ఓఏ (ఇళ్ళ ఓనర్ల సంఘం) బోర్డులో ఉన్న మన ఇద్దరు పెద్దలకు నమస్కారం.

చెరువు పక్క వీధిలో మూల ఇంటి డ్రైవ్‌వేలో ఉండే ఆకుపచ్చ ట్రక్కు నాదే. దాని మీద పోయిన నెల హెచ్‌ఓఏ నుంచి సర్టిఫైడ్ పోస్టులో ఉత్తరం వచ్చింది. ‘పనిచేయని, పాడుబడిన వాహనం’ అని రాశారు. తీసేయాలట, లేదంటే గరాజ్‌లో కనపడకుండా పెట్టుకోవాలట, రెండూ కాదంటే ఫైనట. బోర్డుకు చెప్పుకోవాల్సింది ఇంగ్లీషులో విడిగా రాసి ఇచ్చాను. ఇది తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, ఫిర్యాదు చేసింది మనవాళ్ళే కాబట్టి. వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు నడిచిన చర్చ స్క్రీన్‌షాట్లు నాకు నలుగురు పంపారు. డోర్‌బెల్ కెమెరాలో పడిన నా బండి ఫొటో, కింద ‘ఈ తుక్కు ఇక్కడే ఉంటే మన ఇళ్ళ రేట్లు ఏమవ్వాలి?’ అని ఒక మాట, దానికి 11 లైకులు. మొదట రాసిందెవరో నాకు తెలుసు. పేరు చెప్పను. మొన్న ఉగాదికి వాళ్ళింట్లోనే పచ్చడి తిన్నాను, బాగుంది.

అది 1970 షెవర్లే సీ10 పికప్పు, అంటే వెనక తొట్టి ఉన్న ట్రక్కు. నడుస్తుంది. రిజిస్ట్రేషన్ ఉంది, ఇన్సూరెన్స్ ఉంది. టెక్సస్‌లో 25 ఏళ్ళు దాటిన బండికి యాంటిక్ నంబరు ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలకు, క్లబ్బు కార్యక్రమాలకు, ఊరేగింపులకే బయటికి తీయాలి. క్లాసిక్ ప్లేటు తీసుకుంటే మామూలు బండిలాగే రోజూ నడుపుకోవచ్చు. నాది క్లాసిక్. పొగ పరీక్ష ఎందుకు చేయించరని ఒకరు అడిగారు. డాలస్, కొలిన్, డెంటన్ లాంటి కౌంటీల్లో ఆ పరీక్ష 2 నుంచి 24 ఏళ్ళ లోపు పెట్రోలు బండ్లకే. నా బండికి ఆ వయసు దాటి ముప్పై ఏళ్ళు పైనే అయింది.

‘పనిచేయని’ అన్న మాట దగ్గర మాత్రం నాకు కొంచెం కష్టంగా ఉంది.

పోయిన వినాయక చవితి గుర్తుందా? నాలుగడుగుల మట్టి వినాయకుణ్ణి ఊరేగించాలి. మన కాలనీలో కొత్త పికప్పులు నాలుగున్నాయి. తొట్టిలో పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్ళు పడతాయని ఒక్కరూ ముందుకు రాలేదు. వాళ్ళను తప్పు పట్టను, కిస్తీలు కడుతున్న బండి. అప్పుడు నాకు ఫోన్ చేశారు. నా బండి తొట్టి ఎనిమిదడుగులు, అడుగున చెక్కలు, మధ్యలో ఇనుప పట్టీలు. స్వామికి ఇరువైపులా అరటి పిలకలు కట్టినా ఇంకా నలుగురు పిల్లలు కూర్చునే చోటు మిగిలింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది మీరే. డప్పుల వెనక ఫస్ట్ గేరులో గంటన్నర. సెప్టెంబరు ఎండ, ముందు గాలి లేదు, ఇంజన్ వేడి ముల్లు మెల్లగా కుడికి జరుగుతోంది. పాత బండ్లకు ఒక చిట్కా ఉంది. హీటర్ పూర్తిగా తిప్పేస్తే ఇంజన్ వేడి కొంత క్యాబిన్‌లోకి వచ్చేస్తుంది. ఇంజన్ బతుకుతుంది, డ్రైవరు ఉడుకుతాడు. పట్టు పంచె కట్టుకుని, 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో, హీటర్ ఫుల్లుగా పెట్టుకుని క్లబ్‌హౌస్ దాకా వచ్చాను. ఆ రోజు ఫొటోల్లో అందరి వెనకా నా బండే ఉంది. ఒకరికైతే నెలరోజులు వాట్సాప్ డీపీ అదే.

సరే, దెప్పడానికి కాదు ఈ ఉత్తరం. అసలు విషయం రంగు. మీ అందరి బాధా ఆ రంగే కదా.

‘డబ్బులు లేక పెయింట్ వేయించలేదు’ అని గ్రూపులో ఒకరన్నారు. ఆ రంగును అలాగే ఉంచడానికి నేను పడిన పాట్లు చెబితే మీకు నవ్వొస్తుంది. షెర్మన్ అవతల ఒక పెద్దాయన పొలంలో, షెడ్డు పక్కన చెట్టు కింద ఉందీ బండి. చూడ్డానికి వెళ్ళేటప్పుడు వంటింట్లోంచి ఫ్రిజ్ మీది తిరుమల మాగ్నెట్ తీసుకుపోయాను. మా ఆవిడ ఇప్పటికీ తిడుతుంది. పాత బండి కొనేటప్పుడు మాగ్నెట్ కావాలి. రేకు మీద అతుక్కుంటే అసలు రేకు. జారిపోతే కింద తుప్పు పట్టిన చోట పుట్టీ పెట్టి, పైన రంగు కొట్టి కప్పేశారన్నమాట. ఈ మోడల్‌కు తుప్పు పట్టే చోట్లు అందరికీ తెలిసినవే: తలుపు కింది పట్టీ, క్యాబిన్ వెనక కింది మూలలు, కప్పు అంచున నీళ్ళు జారే గాడి, కాళ్ళ కింద నేల. వేంకటేశ్వర స్వామిని పట్టుకుని మోకాళ్ళ మీద బండి చుట్టూ తిరిగాను. అంతటా టక్కున అతుక్కుంది. కుడి వెనక మూల దగ్గర మాత్రం చేతిలోంచి జారి గడ్డిలో పడింది. ‘అక్కడ మా అబ్బాయి ఇరవై ఏళ్ళ కిందట పని చేశాడు’ అన్నాడు పెద్దాయన, నేను అడక్కుండానే. ఆ ఒక్క మాటకే బేరం ఆడకుండా కొనేశాను.

కప్పు తెలుపు, ఒళ్ళు ఆకుపచ్చ. బానెట్ మీద ఎండ పడ్డ మేర రంగు పలచబడి, కింద ప్రైమర్, దాని కింద గోధుమరంగు తుప్పు, పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఎడమ తలుపు మీద ఒకప్పటి పశువుల దాణా కొట్టు పేరు, సగం చెరిగిన అక్షరాలు. ఎండా వానా యాభై ఏళ్ళు పడి చేసిన పని అది. ఇక్కడి బండ్లవాళ్ళు దాన్ని ‘పటినా’ అంటారు. దొంగ పటినా వేయించుకునేవాళ్ళు కూడా ఉన్నారు, కొత్త రంగును గీకి, పాతదిలా కనపడేలా మందులు పూసి. అదేం సరదానో నాకర్థం కాదు. నాది అసలుది. చేతికి రాలే తుప్పును మెత్తగా రుద్ది తీసేసి, ఉడికించిన అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి పాత బనీను గుడ్డతో పూస్తాను. మన అవిసె గింజల నూనే. అది పూస్తే తుప్పు ముదరదు, రంగు కాస్త లోతు తేలుతుంది. పూసిన గుడ్డలను ఉండచుట్టి పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. అందుకే వాటిని నీళ్ళున్న రేకు డబ్బాలో వేసి మూత పెడతాను. ఆ డబ్బా గురించీ గ్రూపులో రకరకాలుగా అనుకున్నారని తెలిసింది.

రంగు జోలికి పోలేదు గానీ లోపల చాలా మార్చాను. ఈ మోడల్‌లో పెట్రోలు ట్యాంకు సీటు వెనకే, క్యాబిన్‌లోనే ఉంటుంది. కూర్చున్న మనిషి వీపు వెనక పెట్రోలు! దాన్ని తీసేసి తొట్టి కిందికి మార్పించాను. 1970 దాకా నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే, 1971లోగానీ ముందు చక్రాలకు డిస్కులు రాలేదు. చక్రానికి బోల్టులు కూడా అప్పటిదాకా ఆరు, ఆ తర్వాత ఐదు. నేను ముందువైపు డిస్కు బ్రేకులు పెట్టించాను, సీటు బెల్టులు మూడు చోట్ల పట్టేవి వేయించాను. ఇంజన్ మాత్రం దాని పుట్టుకతో వచ్చిందే, ఆరు సిలిండర్లు వరసగా, 4.1 లీటర్లు. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది, పాత అంబాసిడర్‌కు ఉన్నట్టు. మన పెద్దవాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఒక్క గేరు రాడ్డు చూసి బండెక్కి కూర్చుంటారు.

ఈ బండ్లు అందరూ నాలా ఉంచరు. 1967 నుంచి 1972 దాకా వచ్చిన సీ10లంటే ఇక్కడ ఒక పిచ్చి. వీటికి వెనక కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులుంటాయి. స్ప్రింగు మారిస్తే బండి కిందికి దిగుతుంది. ముందు 4 అంగుళాలు, వెనక 6 దించేవాళ్ళు బోలెడంతమంది. మన కాలనీ స్పీడ్ బ్రేకర్లు చూసి నేను అంత దించలేదు. ఇంకొందరు పొడవు తొట్టి బండి కొని, చాసీని మధ్యలో 12 అంగుళాలు కోసి, మళ్ళీ అతికి పొట్టి తొట్టి బండిగా మారుస్తారు, పొట్టిదానికి గిరాకీ ఎక్కువని. పాత ఇంజన్ పీకి ఎల్‌ఎస్ ఇంజన్ పెట్టడం అన్నిటికన్నా మామూలైపోయింది. 1997లో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో మొదలైన ఆ ఇంజన్లు 1999 నుంచి షెవర్లే ట్రక్కుల్లోకీ వచ్చాయి, గుద్దుకున్న బండ్లలోంచి తుక్కు యార్డుల్లో దొరుకుతాయి. నాకు ఆ పని నచ్చదు. బానెట్ ఎత్తితే 1970 బండిలో 2004 గుండెకాయ ఏమిటని. కానీ ఒక మిత్రుడు తన బండి నన్ను ఒకసారి నడపనిచ్చాడు. ఆ రోజు నుంచి గట్టిగా మాట్లాడ్డం మానేశాను.

డాలస్ కింద వాక్సహాచీలో పార్కులో సీ10 బండ్ల సంబరం జరుగుతుంది. హ్యూస్టన్ పైన కాన్రోలో ఫిబ్రవరిలో ఇంకా పెద్దది, లోన్ స్టార్ త్రోడౌన్. నాన్న ఇక్కడున్నప్పుడు ఒకసారి వాక్సహాచీకి తీసుకెళ్ళాను. అంతకుముందు రెండు వారాలు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. ‘ఏరా, డాలర్లు పోసి తుప్పు కొన్నావా?’ అన్నదే మొదటి మాట. తర్వాత ఒక పొద్దున కాఫీ పట్టుకుని డ్రైవ్‌వేలోకి వచ్చి, తొట్టి తలుపు మీద అరచేయి పెట్టి, వేలితో రెండుసార్లు కొట్టి చూశారు. ‘రేకు మందంగానే ఉంది’ అన్నారు. ‘ట్యాంకు మార్చావు, బ్రేకులు మార్చావు. ఆర్టీవో పట్టుకోడా?’ ఆయన భయం ఆయనది. మన దేశంలో కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది మరి.

వాక్సహాచీలో చెట్ల కింద బండ్లు వరసలు తీరి ఉన్నాయి. బానెట్లు ఎత్తి, తొట్టి తలుపులు దించి, పక్కన మడత కుర్చీల్లో ఓనర్లు. బండి కింద అద్దాలు పరిచారు, అడుగున చేసిన పని వంగకుండానే చూడొచ్చని. ఎవరైనా ఆగి చూస్తే చాలు, కుర్చీలోంచి లేచి మొదలుపెడతారు, ఈ గ్రిల్లు ఎక్కడ దొరికింది, ఈ అద్దానికి ఎన్నాళ్ళు తిరిగాం. నాన్నకు ఇంగ్లీషు అంతంత మాత్రం. అయినా రెండు గంటలు ప్రతి బండి దగ్గరా ఆగారు. వెనక్కొచ్చేటప్పుడు అన్నారు: ‘ఇదేముందిరా, మన కోటప్పకొండ తిరనాళేగా.’

మాది నరసరావుపేట దగ్గర ఊరు. శివరాత్రి వస్తే మా చుట్టుపక్కల ఊళ్ళలో ప్రభలు కడతారు. 80, 90 అడుగుల ఎత్తు, కర్రలతో చట్రం, దాని మీద రంగు గుడ్డలు, ఇప్పుడైతే ఒళ్ళంతా కరెంటు బల్బులు, వెనక జనరేటర్. ఊరు ఊరంతా చందాలేసుకుని నెలల తరబడి కట్టి, ఒక రాత్రి కొండ కింద నిలబెట్టడానికి లాక్కుపోతారు. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరి లైట్లు బాగున్నాయన్నది మళ్ళీ శివరాత్రి దాకా చెప్పుకుంటారు. మా తాతకు ఎడ్ల పిచ్చి. కొమ్ములకు రంగులు, మెడకు గంటలు, ఒంటికి నూనె రాసి నిగనిగలాడేట్టు తోమి సంతకు తోలుకుపోయేవాడట, అమ్మడానికి కాదు, నలుగురికీ చూపించి వెనక్కి తోలుకురావడానికి. నేను శనివారం పొద్దున బకెట్టు పట్టుకుని డ్రైవ్‌వేలో చేసేది కూడా ఆ పనే. గరాజ్ లోపల పెట్టుకోమంటున్నారు కదా, అందుకే కుదరదు.

ఇక రూళ్ళ సంగతి. మన దగ్గరే కాదు, చాలా కాలనీల్లో పికప్పు మీద మొదటినుంచీ చిన్నచూపుంది. పికప్పు పుట్టింది పని కోసమే. 1925లో ఫోర్డు మోడల్ టీకి ఫ్యాక్టరీలోనే వెనక తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. కొన్నవాళ్ళు రైతులు, వడ్రంగులు, కొట్లవాళ్ళు. ఇళ్ళ ముందు పికప్పు ఉండకూడదన్న రూలు వెనక నాకు కనిపించేది ఒకటే, అది పనివాళ్ళ బండి, ఇది పనివాళ్ళ కాలనీ కాదు. చివరికి ఫ్లోరిడా ప్రభుత్వం చట్టమే చేయాల్సి వచ్చింది. 2024 జులై 1 నుంచి అక్కడి హెచ్‌ఓఏలు ఇంటి ఓనరు తన సొంత పికప్పును తన డ్రైవ్‌వేలో పెట్టుకోకూడదని అనలేవు. ఆ చట్టం మన టెక్సస్‌లో చెల్లదని నాకూ తెలుసు, గ్రూపులో లాయరుగారు మళ్ళీ చెప్పనక్కర్లేదు.

కాలిఫోర్నియాలోదైతే ఇంకా పాత గొడవ. 1958లో అక్కడ రూలు పెట్టారు, బండిలో ఏ భాగమూ చక్రం రిమ్ము అడుగు కన్నా కిందికి రాకూడదని. అది ఎక్కువగా తగిలింది బండ్లు దించుకుని నడిపే మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ళకు. 1959లో రాన్ అగిర్రే అనే ఆయన విమానాల హైడ్రాలిక్ సామాన్లు తెచ్చి తన కార్వెట్‌కు బిగించాడు. పోలీసు కనిపిస్తే మీట నొక్కడం, బండి పైకి లేవడం. పోలీసు పోయాక మళ్ళీ దించడం. తర్వాత చాలా ఊళ్ళలో వీధుల్లో నెమ్మదిగా బండి తిప్పడాన్నే నిషేధించారు. ఆ నిషేధాలతో పాటు 1958 నాటి రూలునూ తీసేస్తూ 2023లో చట్టం చేశారు, 2024 జనవరి 1 నుంచి అమలు. అరవై ఏళ్ళకు పైగా పట్టింది. నాకంత ఓపిక లేదు. నా బండికి అసలే లేదు.

అలాగని ట్రక్కులవాళ్ళంతా బుద్ధిమంతులని నేననను. ముందు భాగం ఆకాశానికి ఎత్తి, వెనక నేలకు దించి, డ్రైవరుకు రోడ్డు కనపడకుండా తిరిగే బండ్లున్నాయి. నార్త్ కరోలినా 2021లో, సౌత్ కరోలినా 2023లో వాటిని ఆపాయి. మంచి పని చేశాయి. మన వీధిలో అలాంటిది వస్తే మొదటి ఫిర్యాదు నాదే. నా బండి వల్ల మీకున్న ఇబ్బందుల్లో కూడా రెండు నిజమే. ఆదివారం పొద్దున ఆరున్నరకు స్టార్ట్ చేశాను, పక్కింటి పసివాడు లేచాడు. ఇంకెప్పుడూ 9 లోపు తీయను. కాలిబాట అంచున ఆయిల్ మరక నాదే. కాంక్రీటు కడిగే మందు తెచ్చి రెండుసార్లు కడిగాను, ఇంకా లీలగా కనిపిస్తోంది. ఇంజన్ వెనక సీలు మార్చాను, ఇప్పుడు కారడం లేదు, అయినా కింద ట్రే పెడుతున్నాను. ఇళ్ళ రేట్ల సంగతంటారా, బండిని చూసి ఇల్లు వద్దనుకున్న ఒక్కరినైనా చూపించండి. పోయిన ఏడాది మా ఎదురిల్లు కొన్నాయన ముందు ఇల్లు చూడలేదు, నా బానెట్ కిందికి చూశాడు.

ఇప్పుడు మీ నుంచి నాక్కావలసింది చెబుతాను. మన రూళ్ళలో ‘పాడుబడిన వాహనం’ అని ఉంది గానీ దానికి అర్థం రాయలేదు. చూసేవాళ్ళ కంటికి ఎలా తోస్తే అలా. ‘రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉండి, తనంతట తాను నడిచే బండి, రంగు ఎలా ఉన్నా పాడుబడినది కాదు’ అని ఒక్క వాక్యం చేర్చాలి. ఆ రూళ్ళున్న అసలు ఒప్పంద పత్రం మార్చాలంటే టెక్సస్ ఆస్తి చట్టం 209వ అధ్యాయం ప్రకారం మొత్తం ఓట్లలో 67 శాతం కావాలి, పత్రంలో అంతకన్నా తక్కువ చాలునని రాసి ఉంటే తప్ప. మన కాలనీలో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవి. మీరు లేకుండా ఆ లెక్క తేలదు. కాగితం సిద్ధం చేశాను, సంతకం చేయాల్సిన చోట టిక్కు కూడా పెట్టాను. చేయనంటే అది మీ ఇష్టం, అయినా వచ్చే చవితికి స్వామిని ఎక్కించుకోవడానికి బండి ఇస్తాను.

కొత్త పికప్పులున్న నలుగురికీ ఒక మాట. రంగు ఎలా ఉన్నా అన్న మాట ఈ రోజు నాకు అవసరం. మీ బండ్లు ఇక్కడే ఉండి, మీ పిల్లలు వాటిని వదలకపోతే, ఎప్పుడో వాళ్ళకూ అవసరం పడుతుంది.

ఈ శనివారం పొద్దున 9 నుంచి 12 దాకా బానెట్ ఎత్తి పెడతాను. పిల్లల్ని తీసుకురండి. స్టీరింగ్ పక్క గేరు ఎలా వేస్తారో చూపిస్తాను, హారన్ కొట్టనిస్తాను, ఒక్కొక్కరికి రెండుసార్లు. మా ఆవిడ పునుగులు వేస్తానంది. గ్రూపులో ఫొటో పెట్టినవాళ్ళు తప్పకుండా రండి, ఆ ఫొటో పక్కనుంచి తీసింది, బండి అందం ముందునుంచి.

నా బండి మీద బోర్డు విచారణ వచ్చే మంగళవారం సాయంత్రం 7 గంటలకు క్లబ్‌హౌస్‌లో. బండి మీదే వస్తాను. దాన్ని క్లబ్‌హౌస్ పార్కింగ్‌లో పెట్టుకోవచ్చో లేదో రూలు పుస్తకం మొత్తం వెతికాను. ఏమీ రాయలేదు. కాబట్టి గేటు పక్కన, వీధి దీపం కిందే పెడతాను.

ఇట్లు,
చెరువు పక్క వీధి, మూల ఇల్లు